ఎడమ ముక్కు, కుడి ముక్కు

రేకుల షెడ్డు. బానెట్ ఎత్తిన కారు. స్టీరింగు దగ్గర మేస్త్రి, కారు కింద అతని భార్య.

"మళ్ళీ వెలిగింది."

"ఏది?"

"ఇంకేది? ఆ పసుపు దీపమే. ఇంజను బొమ్మ."

"పాత తప్పేనా?"

"పాతదైతే బాగుండు. పాతది పోయింది, కొత్తవి రెండొచ్చాయి."

"చదవండి మరి."

"ఏం చదవను... ఈ స్కానర్ లెక్కన ఎడమ వరుస సిలిండర్లలో పెట్రోలు ఎక్కువైపోతోందట. కుడి వరుసకి చాలట్లేదట."

"ఒకే కడుపులో ఒకవైపు అజీర్ణం, ఒకవైపు ఆకలా?"

"నవ్వకు. బండి సారు వచ్చే వేళైంది."

"నేనెక్కడ నవ్వాను? నోరు తెరిస్తే మట్టి రాలుతోంది. పొద్దున్న బాగానే ఉందిగా బండి?"

"బాగాలేదనేగా సెన్సర్లు మార్చాం."

"అది కాదు. పాత సెన్సర్లతో దీపం ఒక్కటే వెలిగేది, బండి మాత్రం నడిచేది. ఇప్పుడు నడక కూడా పోయింది. వింటున్నారా ఆ గుడగుడ?"

"వింటున్నా."

"ఆపండి ఇంజను. బయటికొస్తున్నా. చెయ్యందుకోండి... వద్దులెండి, మీ నడుం పట్టేస్తే మళ్ళీ నేనే రుద్దాలి."

"ఆ స్పేర్ పార్టుల కొట్టువాడు నకిలీ సరుకంటగట్టాడు. అంతే ఇది."

"రెండూ నకిలీవేనా? ఒకటి అటు, ఒకటి ఇటు, కూడబలుక్కుని చెడిపోయాయా?"

"ఏమో, ఉండొచ్చు."

"పెట్టెలు చూశాను. ముద్ర సరిగ్గానే ఉంది."

"అయితే పాతవే బిగించేద్దాం."

"పాతవాటిలో ఒకటి చచ్చిందనేగా సారు బండి పంపింది. చచ్చినదాన్ని లేపి కూర్చోబెడతారా?"

"పోనీ తుడిచేస్తా."

"ఏం తుడుస్తారు?"

"స్కానర్లో ఒక్క మీట. తప్పులన్నీ చెరిగిపోతాయి, దీపం ఆరిపోతుంది. సారు తాళాలు తీసుకుని పోతాడు."

"వీధి మలుపు తిరిగేసరికి మళ్ళీ వెలుగుతుంది."

"వెలగనీ. అప్పటికి ఉద్యోగం ఇస్తానన్న మాట నోట్లోంచి వచ్చేసుంటుంది."

"ముఖం కడగకుండా పౌడరు రాసినట్టుంది మీ వరస. ఎప్పుడైనా ఇలా చేశారా మీరు? ఇన్నేళ్ళలో?"

"ఇన్నేళ్ళూ వేరు. ఇవాళ వేరు."

"ఏం వేరు?"

"పెట్రోలు డిపో మేనేజరే నడుచుకుంటూ వచ్చి ఉద్యోగం ఇస్తాననడం రోజూ జరుగుతుందా? ఈ బండి బాగుచెయ్యి, ట్యాంకర్లు చూసే పని నీదే అన్నాడు. నిలబడి చేసే పని. నీడ పట్టున. ఎవరూ నేల మీద పడుకోనక్కర్లేదు."

"పడుకునేది నేను. మీరెక్కడ పడుకుంటున్నారు?"

"అందుకే చెప్తున్నా."

"సరే సరే. ఇంజను వెయ్యండి. వెనక్కెళ్ళి చూస్తా."

"వెనకేముంది చూడ్డానికి? ఇందాక నేను చూశా. రెండు గొట్టాలూ ఒకేలా ఉన్నాయి, శుభ్రంగా."

"నేను చూడకూడదా? వేసి కాస్త రేసివ్వండి... ఇంకాస్త... అబ్బబ్బా! చాలు, చాలు, తగ్గించండి!"

"ఏమైంది?"

"ఏమైందేంటి! కళ్ళు మండుతున్నాయి. ఈ కుడి గొట్టంలోంచి పచ్చి పెట్రోలు కక్కుతోంది."

"కుడి గొట్టమా?"

"కుడిదే. ఎడమ గొట్టం దగ్గర ఏమీ లేదు. దాని పక్కన కూర్చుని అన్నం తినొచ్చు."

"సరిగ్గా చూశావా?"

"చూడ్డమేంటి, వాసన. ఉండండుండండి. స్కానర్ ఏమందన్నారు? ఏ వైపు పెట్రోలు ఎక్కువైందట?"

"ఎడమ."

"నా ముక్కు కుడి అంటోంది."

"స్కానర్ కంటే నీ ముక్కు గొప్పదా?"

"స్కానర్ అబద్ధం చెప్పదు, దానికి ఎవరు ఏం చెప్తే అదే చెప్తుంది. దానికి చెప్పేవి ఈ సెన్సర్లు. ఇవీ ముక్కులేగా. పొగని వాసన చూసి, ఇక్కడ పెట్రోలు ఎక్కువుంది, అక్కడ తక్కువుంది అని చాడీలు చెప్పే ముక్కులు."

"నాకు పాఠం చెప్తున్నావా?"

"మీరు నేర్పిన పాఠమే. అది కాదు గానీ... ఇందాక వెనక నిలబడి చూశానన్నారు."

"చూశాను."

"రెండు గొట్టాలూ ఒకేలా ఉన్నాయన్నారు. శుభ్రంగా ఉన్నాయన్నారు."

"అప్పుడు శుభ్రంగానే ఉన్నాయేమో."

"అప్పుడెప్పుడు? నేను కిందే ఉన్నాను. అప్పటికే గుడగుడలాడుతోంది బండి."

"జలుబు చేసింది నాకు."

"ఎప్పుడు చేసింది?"

"చేసిందిలే. టైమైపోతోంది, ఏం చేద్దామో చెప్పు."

"మళ్ళీ కిందకెళ్తా. మీరు స్కానర్ చేత్తో పట్టుకుని, తెర మీద రెండు సెన్సర్ల గీతలూ చూస్తూ ఉండండి. ఎడమ సెన్సర్ వైరు పీకేస్తా. ఏ గీత పడిపోతుందో చెప్పండి."

"ఎడమది పీకితే ఎడమదే పడుతుంది. దానికింత తతంగమా?"

"పడితే మంచిదే. ఇంజను నడుస్తోంది, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి. పీకుతున్నా... పీకాను. ఏం పడింది?"

"ఆగు."

"ఆగేదేముంది, ఏ గీత?"

"ఆగవే... కుడిది."

"ఏదీ?"

"కుడి గీత పడిపోయింది. ఎడమది ఆడుతూనే ఉంది."

"ఇంకేం, దొరికింది దొంగ. వైర్లు అటూ ఇటూ అయ్యాయి. ఎడమ ముక్కు చూసిన వాసన కుడివైపు లెక్కలో పడుతోంది, కుడి ముక్కు చూసింది ఎడమ లెక్కలో పడుతోంది. ఎడమవైపు ఎక్కువైందని బండిలో కంప్యూటర్ అటు తగ్గిస్తూ, ఇటు పోస్తూ పోయింది. అసలు ఎక్కువైంది కుడివైపు. పోసినకొద్దీ అక్కడ ఇంకా..."

"అర్థమైంది, అర్థమైంది. తిప్పి పెట్టు."

"పెడతా గానీ, ఎలా అయిందిది? పైనుంచి వైర్లు వదిలింది మీరు."

"బిగించింది నువ్వు."

"మీరు ఎడమదంటే ఎడమదానికి బిగించాను."

"నేను ఎడమదే వదిలాను."

"ఎవరి ఎడమ?"

"ఎవరి ఎడమేంటి?"

"ఎక్కడ నిలబడి వదిలారు?"

"ఇక్కడ. బంపర్ ముందు."

"ఇంజను వైపు తిరిగా?"

"ఇంజను వైపు తిరక్కుండా వీధి వైపు తిరిగి వదుల్తారా?"

"అయితే అది మీ ఎడమ. బండికి కుడి. మన పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. మన షెడ్డులో ఎడమంటే స్టీరింగు ముందు కూర్చున్నవాడి ఎడమ, బోర్లా పడుకున్నా అదే, వెల్లకిలా పడుకున్నా అదే అని. ఒకసారి నేను తప్పితే రోజంతా మాట్లాడలేదు నాతో."

"ఫోనొచ్చింది అప్పుడు. సారు ఫోను. చెవిలో పెట్టుకుని వదిలాను."

"చెవికీ చేతికీ ఏంటి సంబంధం?"

"ఉంటుంది. కంగారు."

"ఫోనొస్తేనే ఎడమ కుడైతే, రేపు ఉద్యోగమొస్తే నన్ను గుర్తుపడతారా?"

"బిగించవే తల్లీ."

"బిగిస్తున్నా... ఇదొకటి... ఆ, టక్కుమంది. రెండోది కూడా. ఇప్పుడు తుడవండి ఆ తప్పులన్నీ. ఇప్పుడు తుడవొచ్చు."

"తుడిచా."

"వెయ్యండి ఇంజను."

"వేశా... వినపడుతోందా?"

"ఆ. ఇప్పుడు నిద్రపోతున్న పిల్లిలా ఉంది. గీతలు?"

"రెండూ చక్కగా ఆడుతున్నాయి. దీపం లేదు."

"కాసేపు నడవనిచ్చి ఆపండి. వెనక్కొచ్చి చూడండి ఒకసారి."

"ఎందుకు? బాగుందిగా."

"రండి. మీరే చూడండి. కుడి గొట్టం దగ్గరికి."

"చూశా. బాగుంది."

"ఎలా ఉంది వాసన?"

"బాగుంది."

"బాగుందంటే?"

"పెట్రోలు లేదు. శుభ్రం."

"ఆ గొట్టం కింద గుడ్డ పెట్టాను, చూశారా?"

"ఏ గుడ్డ?"

"పెట్రోల్లో ముంచిన గుడ్డ. మీరు ఇంజను ఆపగానే పెట్టాను. మీ బూటు దానిమీదే ఉంది."

"ఏంటీ పిల్లచేష్టలు! వేడి గొట్టం కింద పెట్రోలు గుడ్డ పెడతావా? బుద్ధుందా?"

"తీసేస్తున్నా. తీసేశాను. ఎప్పట్నుంచి?"

"ఏంటి ఎప్పట్నుంచి?"

"మొన్న పాలు పొంగి, మాడి, గిన్నె నల్లగా అయ్యేదాకా పక్కనే కూర్చున్నారు. నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను. అడిగితే లెక్కల్లో పడ్డానన్నారు."

"పడ్డాను."

"మీకు లెక్కలెప్పుడొచ్చు? పొయ్యి తిప్పి వెలిగించడం మర్చిపోయి బయటికెళ్ళారు. ఇల్లంతా గ్యాసు. మతిమరుపన్నారు. నేనూ మతిమరుపే అనుకున్నా."

"వయసు..."

"వయసు కాదు. ముక్కు. పనిచేయట్లేదు కదూ?"

"నెమ్మదిగా. వీధిలో జనం ఉన్నారు."

"నెమ్మదిగానే అడుగుతున్నా."

"...ఊరంతటికీ వచ్చిన ఆ జ్వరం నాకు తగ్గినప్పట్నుంచి."

"అమ్మో. అప్పట్నుంచా?"

"వస్తుందిలే అనుకున్నా. కొంతమందికి తిరిగొస్తుందట. రోజూ పొద్దున్నే సబ్బు ముక్క వాసన చూస్తాను. ఉల్లిపాయ నలిపి చూస్తాను. ఇక్కడికొచ్చాక పెట్రోలు డబ్బా మూత తీసి చూస్తాను. ఏమీ లేదు. గోడని వాసన చూసినట్టే ఉంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? చెవుడొస్తే అందరికీ తెలుస్తుంది, గుడ్డితనం వస్తే కర్ర వస్తుంది. ఇది చెప్తే నవ్వుతారు."

"నేను నవ్వుతానా?"

"నువ్వు కాదు... చీకట్లో, కరెంటు పోయినప్పుడు, నువ్వు పక్కనున్నావో లేదో నీ తలనూనె వాసనతో తెలిసేది నాకు. ఇప్పుడు చెయ్యి చాపి తడుముకుంటున్నా."

"అందుకా... నేనేదో అనుకున్నా."

"ఏమనుకున్నావ్?"

"ఏదో అనుకున్నాలెండి, ముసలితనంలో ముచ్చటని. ఇప్పుడది కాదు సంగతి. ఆ ఉద్యోగానికి ఎలా వెళ్తారు?"

"ఎలా వెళ్తారంటే? బస్సెక్కి."

"నాతో వేళాకోళం వద్దు. ఖాళీ ట్యాంకరు మూత తీసి, లోపల ఇంకా ఆవిరుందో లేదో చూసి, దిగొచ్చు అని చెప్పే పని అది. మీరు సరేనంటే వెల్డింగ్ చేసేవాడు నిప్పు పట్టుకుని లోపలికి దిగుతాడు."

"మీటరుంటుంది."

"మీటరు పెట్టే ముందు ముక్కు పెట్టాలని సారే చెప్పాడు. నేను విన్నాను. పాత మీటర్లు, మనిషిని నమ్ముతాను అన్నాడు."

"ఒకటికి రెండుసార్లు మీటరు చూసుకుంటా. నాకేమైనా తెలీదా?"

"ఇందాక రెండు గొట్టాలూ శుభ్రం అన్నారు. బూటు కింద గుడ్డ ఉంటే శుభ్రం అన్నారు. అక్కడ కూడా శుభ్రం అంటారు. అలవాటైపోయింది మీకు ఆ మాట."

"మరేం చెయ్యమంటావ్? ఈ నడుంతో వంగలేను. కింద పడుకునేది నువ్వు. వానాకాలం వచ్చిందంటే నీ దగ్గు వినలేక నేను షెడ్డు బయట నిలబడతాను. ఆ ఉద్యోగం వస్తే ఈ రేకులు దించేస్తా. నువ్వు ఒక్కరోజు కూడా ఈ బండల మీద పడుకోనక్కర్లేదు. అందుకే కదే."

"నా పేరు చెప్పి ఎవడినో కాల్చకండి."

"పెద్ద మాట."

"పెద్ద మాటే. వెళ్ళనివ్వను."

"విను. సారు ఇవాళ ఒక పరీక్ష పెడతాడట. డ్రైవరు చెప్పాడు. కొత్తగా చేరేవాళ్ళకి కళ్ళు మూయించి, సీసా మూత తీసి ముక్కు కింద పెడతారట. ఏముందో చెప్పాలి. వాళ్ళ డిపో పద్ధతి."

"మంచి పద్ధతి. అక్కడే తేలిపోతుంది."

"నువ్వు పక్కన ఉంటావుగా."

"ఉంటే?"

"మాటల్లో పెట్టి ఏదో ఒకటి అను. నాకు తెలిసేట్టు."

"ఛీ!"

"ఒక్కసారి."

"అనను. నోరు విప్పను. కావాలంటే లోపలికెళ్ళి తలుపేసుకుంటా."

"ఇన్నేళ్ళలో నిన్ను ఏమైనా అడిగానా?"

"అడగలేదు. అడక్క అడక్క ఇదా అడగడం? అదిగో, గేటు. వస్తున్నాడు. చెయ్యి తుడుచుకోండి. మొహం మీద గ్రీజు."

"ఎడమవైపా?"

"మీ ఎడమ."

"ఏం మేస్త్రీ! ఏమంటోంది మా బండి?"

"రండి సార్. బండి సిద్ధం."

"దీపం?"

"ఆరిపోయింది సార్. మీరే చూసుకోండి. తాళం అందులోనే ఉంది."

"ఊ... ఓహో! ఇంజను ఉందా లేదా అన్నట్టుందే! కంపెనీ షెడ్డువాళ్ళు నాలుగు రోజులు తిప్పించుకుని ఏమీ తేల్చలేదు. ఏమైందట?"

"సెన్సర్లు మార్చాం సార్. మారిస్తే కొత్త తప్పులొచ్చాయి. వైర్లు అటూ ఇటూ అయ్యాయి. సరిచేశాం."

"భలే పట్టుకున్నావయ్యా. అమ్మా, నీ మొగుడు గట్టివాడు."

"అవును సార్."

"మరి నేనిచ్చిన మాట నేను నిలబెట్టుకోవాలిగా. వచ్చే వారం నుంచి వచ్చెయ్. కాకపోతే చిన్న లాంఛనం. నవ్వుకోకు. మా డిపోలో ట్యాంకు దగ్గర నిలబడే ప్రతివాడికీ ఇది పెడతాం. నేను చేరినప్పుడు నాకూ పెట్టారు."

"విన్నాను సార్."

"విన్నావా? ఆ డ్రైవరు గాడి నోట్లో నువ్వు గింజ నానదు. సరే, ఈ స్టూలు మీద కూర్చో. కళ్ళు మూసుకో. పూర్తిగా. అమ్మా, నువ్వు అలా నిలబడిపోయావే?"

"లోపలికెళ్దామనుకుంటున్నా సార్."

"ఉండమ్మా, చూద్దువుగాని. ఇదిగో మేస్త్రీ, మూత తీస్తున్నా. తొందరేం లేదు. నిదానంగా పీల్చు."

"పీల్చాను సార్."

"ఏంటిది?"

"ఇంకోసారి సార్."

"తప్పకుండా. దగ్గరగా పెడుతున్నా."

"కొంచెం... జలుబుగా ఉంది సార్."

"జలుబున్నా ఇంత ఘాటైనది తెలియాలే. ఏం, చెమటలు పడుతున్నాయేంటయ్యా? ఉరిశిక్షా ఇది?"

"లేదు సార్. అలవాటు లేదు, ఇలా కళ్ళు మూసుకుని..."

"నీరసమా? ఏమైనా తిన్నావా?"

"ఏమండీ."

"ఆ?"

"మర్చిపోయా. ఆ లారీ ఆయన ఫోన్ చేశాడు."

"ఏ లారీ ఆయన?"

"అదే, మన లారీ ఆయన. సాయంత్రానికి లారీ కావాలంటున్నాడు. లారీ, లారీ అని ప్రాణం తీస్తున్నాడు."

"ఉండమ్మా, ఇదవ్వనీ. ఊ, మేస్త్రీ, చెప్పెయ్. ఏముంది ఈ సీసాలో?"

"కళ్ళు తెరవొచ్చా సార్?"

"ముందు చెప్పు, తర్వాత తెరువు."

"తెరిచే చెప్తాను సార్. ఇవాళ మా షెడ్డుకి ఏ లారీ రాలేదు, ఏ లారీ ఆయనా ఫోన్ చెయ్యలేదు, లారీ అంటే డీజిలని నాకు అందించింది. ఈ సీసాలో డీజిలుందని అంత దూరం నుంచి కనిపెట్టింది ఆవిడ ముక్కు. మీ బండిలో తప్పు పట్టింది కూడా అదే. నాది చచ్చిపోయింది సార్. ట్యాంకు దగ్గర నిలబెట్టుకోవాలంటే ఆవిడని నిలబెట్టుకోండి."